వ్యతిరేకించే మాస్టారిని సమావేశానికి రానివ్వాలా, వద్దా?

అయ్యకోనేరు గట్టు (విజయనగరం), ప్రశ్న:

విజయనగరంలో మేము పదకొండు మందిమి కలిసి నాలుగేళ్లుగా ఒక చిన్న హేతువాద అధ్యయన బృందాన్ని నడుపుకుంటున్నాము. నెలకు రెండు ఆదివారాలు, గంటస్తంభానికి దగ్గరలో ఒక మిత్రుని మేడమీది గదిలో కూర్చుంటాము. ఏదో ఒక గ్రంథం నుంచి పది పదిహేను పేజీలు అందరమూ ముందుగా చదువుకొని వచ్చి, వాటి మీదనే మాట్లాడుకోవడం మా పద్ధతి.

ఏడాదిన్నర క్రితం నెల్లిమర్ల వైపు నుంచి ఒక మాస్టారు రావడం మొదలుపెట్టారు. సంస్కృతం చెప్పి పదవీ విరమణ చేసిన పెద్దాయన. పూర్తి ఆస్తికులు, ఆ సంగతి దాచుకోరు. గొంతు పెంచరు, ఎవరినీ నొప్పించరు. అయితే మేము ఏ విషయం ఎత్తుకున్నా చివరికి దాన్ని ఒకే చోటికి తీసుకువస్తారు. "ప్రత్యక్షానికి అందనిదేదీ ఒప్పుకోము అంటున్నారు కదా బాబూ, మరి ఈ నియమం మీకు ఏ ప్రత్యక్షానికి అందింది?" అని అడుగుతారు. మేము ఏదో చెబుతాము, ఆయన తల ఊపి ఊరుకుంటారు. రెండు వారాల తరువాత ఆ ప్రశ్న మరో వేషంలో మళ్లీ వస్తుంది.

ఇప్పుడు బృందంలో రెండు అభిప్రాయాలు ఏర్పడ్డాయి. మనల్ని మనం బలపరచుకోవడానికి కూడుకున్నప్పుడు, మన పునాదినే కాదనే మనిషిని ప్రతిసారీ ఎందుకు కూర్చోబెట్టుకోవాలని కుర్రవాళ్లు అడుగుతున్నారు. ఆయన్ని మర్యాదగా మానిపించమని నా మీద ఒత్తిడి ఉంది. నా మటుకు నాకు ఎటూ తేలడం లేదు. ఆయన రాని ఆదివారం చర్చ సాఫీగా సాగుతుంది, కాని ఇంటికి వచ్చాక ఏమి మాట్లాడుకున్నామో ఒక్క ముక్క గుర్తుండదు. ఆయన వచ్చిన రోజు రాత్రి నిద్ర పట్టదు.

తాత్త్విక సంప్రదాయాలు తమ విమర్శకులతో నిజంగా ఎలా మెలిగాయో, దానివల్ల వాటికి ఏమి ఒరిగిందో తెలిసినవారు చెప్పగలరా? అందరినీ గౌరవించాలి వంటి మాటలు మాకు తెలిసినవే. దృష్టాంతాలు కావాలి.


నాగావళి ఒడ్డు (శ్రీకాకుళం), సమాధానం:

అయ్యకోనేరు వారికి, మీ మాస్టారు అడుగుతున్న ప్రశ్న ఆయన సొంతం కాదు. కనీసం వెయ్యేళ్ల నాటిది, అదీ మీ పూర్వులైన లోకాయతులను, అంటే పరలోకాన్ని ఒప్పుకోని చార్వాకులను ఉద్దేశించి అడిగినదే. సాంఖ్య దర్శన గ్రంథమైన సాంఖ్యకారికల మీద వ్యాఖ్య రాస్తూ వాచస్పతి మిశ్రుడు దీన్ని ఇంకా గట్టిగా బిగించాడు. అనుమానం (ఇక్కడ సందేహం కాదు, కనిపించేదాన్ని బట్టి కనిపించనిదాన్ని ఊహించి తెలుసుకోవడం) ప్రమాణం, అంటే నమ్మదగ్గ జ్ఞానసాధనం, కాదని లోకాయతుడు ఎవరికో చెబుతున్నాడంటే, ఆ ఎదుటివాడికి ఆ సంగతి తెలియదనో, అతడు పొరబడ్డాడనో ముందుగా గ్రహించి ఉండాలి. ఎదుటివాడి మనసు కంటికి కనిపించేది కాదు కాబట్టి, అతని మాటను బట్టి, ముఖాన్ని బట్టి ఊహించే ఆ గ్రహణం అనుమానమే అవుతుంది. అంటే అనుమానాన్ని ఖండించడానికి నోరు తెరిచిన క్షణంలోనే దాన్ని వాడుకున్నాడన్నమాట.

దీనికి మీవాళ్లు జవాబు చెప్పలేక చేతులెత్తేశారని అనుకోకండి. పురందరుడనే చార్వాకాచార్యుడు ఉండేవాడు. లోకంలో అందరూ ఎరిగిన అనుమానాన్ని చార్వాకులు కూడా ఒప్పుకుంటారని, లౌకిక మార్గాన్ని దాటి పరలోకం దాకా చేయిచాచే అనుమానాన్నే కాదంటారని అతడు తేల్చి చెప్పాడు. పొగను చూసి నిప్పు ఉందనుకోవడం దీని ప్రకారం తప్పు కాదు. నిప్పును చాలాసార్లు చూశాము, కావాలంటే వెళ్లి మళ్లీ చూడగలము. స్వర్గం విషయంలో ఆ వీలు లేదు. మొండిగా ప్రత్యక్షమొక్కటే అని పట్టుకు కూర్చున్న పాత వాదం కంటే ఇది ఎంత మెరుగైనదో మీకు చెప్పనక్కరలేదు. బయటి నుంచి ఇలాంటి ప్రశ్నలు పడకపోతే ఇంత జాగ్రత్తగా గీత గీసుకునే అవసరమే వారికి కలిగేది కాదని నా ఊహ.

ఇక్కడ నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరిచే సంగతి ఒకటుంది. పురందరుని గ్రంథం మనకు దక్కలేదు. అతని ఈ మాట మనకు చేరింది కమలశీలుని వల్ల. ఎనిమిదో శతాబ్దిలో శాంతరక్షితుడు రాసిన తత్త్వసంగ్రహానికి ఆయన శిష్యుడైన కమలశీలుడు పంజిక (వ్యాఖ్య) రాస్తూ, ఖండించబోయే ముందు ప్రత్యర్థి ఏమన్నాడో పేరు పెట్టి ఉటంకించాడు. వారిద్దరూ బౌద్ధులు, చార్వాకులకు బద్ధ విరోధులు. అలాగే జయరాశి భట్టు రచించిన తత్త్వోపప్లవసింహం ప్రమాణాలన్నింటినీ ఒక్కొక్కటిగా కూలగొట్టే గ్రంథం. దీన్ని కొందరు పండితులు చార్వాక శాఖకు చెందినదిగా లెక్కిస్తారు. దాని తాళపత్ర ప్రతి దొరికింది గుజరాత్‌లోని పాటణంలో, జైన గ్రంథభాండారంలో. 1940లో బరోడా నుంచి అచ్చయింది. జయరాశి జైనులనూ వదిలిపెట్టలేదు. అయినా ఆ ప్రతిని శతాబ్దాల పాటు చెదలు పట్టకుండా కాపాడినవారు వారే. మీ బృందం వంశవృక్షం ఈనాడు కనిపిస్తోందంటే, దానికి నీళ్లు పోసినవారిలో ప్రత్యర్థులే ఎక్కువమంది. అలాంటి వంశంవారు ఒక ప్రత్యర్థికి కుర్చీ వేయడానికి వెనుకాడడం నాకు కాస్త వింతగానే తోచింది.

విమర్శకుని వల్ల అవతలి పక్షం ఎదిగిన దాఖలాలు ఆస్తిక దర్శనాలలోనూ కావలసినన్ని ఉన్నాయి. మన శ్రీనాథుడు తెలుగు చేసిన నైషధం ఎవరిదో, ఆ శ్రీహర్షుడే పన్నెండో శతాబ్దిలో ఖండనఖండఖాద్యం రాసి, తర్కమే ప్రధానమైన న్యాయదర్శనంవారి, అంటే నైయాయికుల, నిర్వచనాలు ఒక్కటీ నిలవవని చూపబోయాడు. నైయాయికులు ఆయన్ని తిట్టి ఊరుకోలేదు. పద్నాలుగో శతాబ్దిలో గంగేశుడు తత్త్వచింతామణిలో ఆ నిర్వచనాలను సందు లేకుండా తిరగరాసే పనికి పూనుకున్నాడు, నవ్యన్యాయమనే కొత్త తర్కపద్ధతి అక్కడ పుంజుకుంది. ద్వైతియైన వ్యాసతీర్థుల న్యాయామృతం అద్వైతం మీద విరుచుకుపడితే, మధుసూదన సరస్వతి దానికి ఇంచుమించు వాక్యానికి వాక్యంగా జవాబిస్తూ అద్వైతసిద్ధి రాశారు. ఆ తరువాత కథ ఇంకా రుచిగా ఉంటుంది. వ్యాసరామాచార్యులు అనే ద్వైతి మధుసూదనుల దగ్గరే శిష్యునిగా చేరి అద్వైతమంతా చదువుకొని, ఆయన గ్రంథాన్నే ఖండిస్తూ తరంగిణి రాశారని సంప్రదాయం చెబుతుంది. మన శ్రీకూర్మంలో మధ్వాచార్యుల శిష్యులైన నరహరితీర్థుల శాసనాలు చూసినప్పుడల్లా నాకు ఈ ద్వైతాద్వైత వాదాల పరంపరే గుర్తుకు వస్తుంది.

మాస్టారి విషయంలో నా సలహా ఒక్కటే. న్యాయదర్శనానికి మూలమైన గౌతముని న్యాయసూత్రాలు ఇరవై రెండు నిగ్రహస్థానాలు చెప్పాయి, అంటే వాదంలో ఓడిపోయినట్టు లెక్కించే సందర్భాలు. వాటిలో అననుభాషణం ఒకటి. ప్రతివాది మూడుసార్లు చెప్పి, సభకు అర్థమైన మాటను కూడా నీవు తిరిగి పలకలేకపోతే నీవు ఓడినట్టే. మీ బృందంలో ఎవరైనా ఒకరు మాస్టారి ప్రశ్నను ఆయన ఎదుట, ఆయన ఔనని తల ఊపేటట్టు, తిరిగి చెప్పగలరేమో ముందు చూడండి. ఏడాదిన్నరలో ఆ పని ఒక్కసారైనా జరిగి ఉంటే ఆ ప్రశ్న ఇన్ని వేషాలు వేసేది కాదేమో.


పాత శ్రోత (బొబ్బిలి), సమాధానం:

నాగావళి వారు చెప్పిన దృష్టాంతాలు విలువైనవే. కాని అవి రాసుకున్న గ్రంథాలకూ, ఆదివారం సాయంత్రం రెండు గంటల సమావేశానికీ ఉన్న తేడాను దాటవేశాయి. గంగేశుడు శ్రీహర్షుని సమయానికి లొంగి కూర్చోలేదు. రెండు శతాబ్దాల దూరాన, తనకు తీరినప్పుడు జవాబు రాసుకున్నాడు. నేను ఒకప్పుడు వెళ్లే ఒక చర్చా వేదికలో ఇద్దరు పెద్దమనుషులు ప్రతి సమావేశాన్నీ మొదటి పాఠానికి లాగేవారు. వారిని కాదనడం సంకుచితమని మేమందరమూ సహించాము. మొదట ఆడవాళ్లు రావడం మానేశారు, తరువాత విద్యార్థులు మానేశారు, చివరికి ఆ ఇద్దరు పెద్దమనుషులూ మేము నలుగురమూ మిగిలాము. విమర్శకు తలుపు తెరిచి పెట్టామన్న తృప్తి ఒక్కటే మాకు దక్కింది.

ఆ న్యాయదర్శనమే ఈ తేడాను చక్కగా గుర్తించింది. తత్త్వం తెలుసుకోవడానికి చేసేది వాదం, గెలవడానికి చేసేది జల్పం, తన పక్షమేదీ స్థాపించకుండా ఎదుటివాడిది పడగొట్టడమే పనిగా పెట్టుకున్నది వితండ. వాదం ఎవరితో చేయాలో కూడా గౌతముడు చెప్పాడు. శిష్యునితో, గురువుతో, సహాధ్యాయితో, శ్రేయస్సు కోరేవారితో, అసూయ లేనివారితో చేయమన్నాడు. మొలకెత్తే విత్తనాలకు ముళ్లకంపతో కంచె వేసినట్టు, జల్ప వితండలు తత్త్వనిశ్చయాన్ని కాపాడుకోవడానికి పనికివస్తాయని కూడా అన్నాడు. అంటే కంచె అవసరమే లేదని ఆయన అనుకోలేదు. మీ కుర్రవాళ్లు కంచె అడుగుతున్నారు, అది పాపమేమీ కాదు.

ఇంకొక మాట. ప్రత్యర్థుల చేతిలో బతికి ఉండడం అంత గొప్ప భాగ్యమా? పద్నాలుగో శతాబ్దికి, అన్ని దర్శనాలనూ సంగ్రహంగా చెప్పే సర్వదర్శనసంగ్రహం వచ్చేసరికి చార్వాకుడికి పట్టిన గతి చూడండి. "ఋణం కృత్వా ఘృతం పిబేత్" అని అప్పు చేసి నెయ్యి తాగే తిండిపోతుగా లోకానికి మిగిలాడు. మన వాడుకలో చెప్పాలంటే అప్పుచేసి పప్పుకూడు మతమైపోయింది. విరోధి రాసిన చరిత్ర కంటే మరుపు మేలని నాకు ఒక్కొక్కసారి అనిపిస్తుంది.

మన జిల్లాలవాడే అయిన గిడుగు రామమూర్తి పంతులు గారిది తత్త్వోద్యమం కాదు గాని, విమర్శకులతో మెలగడంలో ఆయనది ఇంకొక దారి. వంశధార ఒడ్డున పర్వతాలపేటలో 1863లో పుట్టిన ఆ మనిషి గ్రాంథికవాదుల సభలో కూర్చొని వారిని ఒప్పించడం మీదనే ఆశ పెట్టుకోలేదు. వారి పుస్తకాలే ముందు పెట్టుకొని చదివాడు. పూర్వకవుల ప్రయోగాలను పోగు చేసి బాలకవి శరణ్యంలో చూపాడు. వ్యాకరణం పేరిట వాడుకభాషను తప్పుపట్టే పండితులు తమ సొంత గ్రాంథిక రచనలలో ఆ వ్యాకరణాన్నే ఎక్కడెక్కడ తప్పారో ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజంలో ఏరి పెట్టాడు. విమర్శకుణ్ణి సమావేశానికి పిలవకుండానే అంత పని జరిగింది. పైగా అప్పుడు పాఠ్యపుస్తకాల మీద, పరీక్షల మీద అధికారం అవతలివారిది. విజయనగరం మహారాజా పాఠశాలలో ఆయనతో కలిసి చదివిన గురజాడ మద్రాసు విశ్వవిద్యాలయం ఉపసంఘంలో కూర్చొనే వాదించారు. కడకు ఆయనకు మిగిలింది 1914 నాటి అసమ్మతి పత్రం. అధికారం ఉన్న విమర్శకునితో మెలగడం ఒకటి, ప్రశ్న తప్ప మరేమీ లేని విమర్శకునితో మెలగడం మరొకటి. మీ మాస్టారు రెండో కోవకు చెందినవారిలా ఉన్నారు, అంతవరకు మీరు అదృష్టవంతులు.


వంశధార తీరం (శ్రీకాకుళం), సమాధానం:

నేను డిగ్రీ విద్యార్థులకు పాశ్చాత్య తత్త్వశాస్త్రం చెబుతాను. ఈ ప్రశ్న చదవగానే నాకు వియన్నా గుర్తుకు వచ్చింది. నెల్లిమర్ల మాస్టారు అడిగిన ప్రశ్ననే ఇరవయ్యో శతాబ్దిలో అక్కడి వారినీ అడిగారు. అనుభవంతో సరిచూడడానికి వీలు లేని వాక్యానికి అర్థమే లేదని వియన్నా బృందం అనే తాత్త్వికుల కూటమి అన్నది. అట్లయితే ఆ సూత్రాన్నే ఏ అనుభవంతో సరిచూస్తారని విమర్శకులు నిలదీశారు.

వారు ఏమి చేశారో చూడండి. ఆ ఊరివాడే అయిన కార్ల్ పాపర్ వారి మూలసూత్రాన్ని తప్పుపడుతూ 1934లో ఒక గ్రంథం తెచ్చాడు. అది వెలువడింది ఎక్కడో కాదు, ఆ బృందానికి పెద్దయైన ష్లిక్, ఫిలిప్ ఫ్రాంక్ సంపాదకత్వంలో నడిచే వారి సొంత గ్రంథమాలలోనే. నాయకులలో ఒకడైన నాయిరాత్ పాపర్‌కు "అధికారిక ప్రతిపక్షం" అని ముద్దుపేరు పెట్టాడు, ఆ తరువాతి ఏడాదే ఆ గ్రంథాన్ని తీవ్రంగా విమర్శించాడు కూడా. పాత శ్రోత గారికి నచ్చే విషయం ఒకటి చెబుతాను. ష్లిక్ గురువారం సమావేశాలకు పాపర్‌కు ఎన్నడూ పిలుపు రాలేదు. గదిలోకి రానివ్వలేదు గాని పుస్తకం వేశారు, చదివారు, జవాబిచ్చారు. ఆ బృందంలోని కార్నాప్ పూర్తి నిర్ధారణను వదులుకొని క్రమక్రమంగా బలపడే సమర్థన వైపు జరిగాడు. ఇంగ్లండులో ఈ వాదాన్ని ప్రచారం చేసిన ఏయర్ తన 1936 నాటి గ్రంథానికి పదేళ్ల తరువాత పెద్ద పీఠిక చేర్చి, సూత్రాన్ని సవరించుకున్నాడు. 1949లో తర్కవేత్త అలోంజో చర్చ్ ఒక చిన్న సమీక్షలో ఆ సవరణ కూడా నిలవదని చూపాడు. చివరికి ఆ సూత్రం నిలవలేదు. కాని అది ఎందుకు నిలవదో మనకు ఇంత స్పష్టంగా తెలియడానికి కారణం, దాన్ని నమ్మినవారే ప్రతి దెబ్బనూ లెక్కపెట్టి రాసిపెట్టుకోవడం.

ఇక నెయ్యి శ్లోకం గురించి. పాత శ్రోత గారూ, మీ ఉదాహరణ మీకే ఎదురుతిరుగుతుందేమో చూడండి. సర్వదర్శనసంగ్రహం మొదటి అధ్యాయంలో ఆ శ్లోకం రెండు చోట్ల, రెండు రూపాలలో కనిపిస్తుంది. మొదట్లో "నాస్తి మృత్యోరగోచరః" అని ఉంది. మృత్యువు కంటపడనివాడు లేడు కాబట్టి బతికినన్నాళ్లూ సుఖంగా బతకమని దాని భావం. అధ్యాయం చివరికి వచ్చేసరికి ఆ పాదం స్థానంలో అప్పూ నెయ్యీ చేరాయి. ఒకే అధ్యాయంలో ఆ మార్పు జరిగినా ఎవరూ అడ్డుపడలేదు. ఎనిమిదో శతాబ్ది కమలశీలుడు పురందరుని మాటను పేరు పెట్టి, దాని పరిమితులతో సహా ఉటంకించాడు. పద్నాలుగో శతాబ్దికి "మేము ఆ మాట అనలేదు స్వామీ" అని లేచి నిలబడే చార్వాకుడు ఎక్కడా మిగలలేదని నేను అనుకుంటున్నాను. ప్రత్యర్థి ఎదురుగా లేనప్పుడు ఎంత నిజాయితీపరుడైనా అతని నోట తనకు అనువైన మాట పెడతాడు. అయ్యకోనేరు వారి బృందం రేపు మాస్టారు లేకుండా ఆస్తికవాదాన్ని చర్చించినప్పుడు తయారయ్యేది కూడా నెయ్యి తాగే ఆస్తికుడే.

అందుచేత నాదొక మధ్యేమార్గం. రెండు సమావేశాలలో ఒకటి మీ చదువుకు ఉంచుకోండి. రెండోదానికి మాస్టారిని పిలవండి, ఆయన ఆక్షేపణను ముందుగా రాసి పంపమనండి. ఫ్రెంచి తాత్త్వికుడు డేకార్ట్ తన ధ్యానాల గ్రంథాన్ని 1641లో అచ్చువేసేముందు మిత్రుడు మెర్సెన్ ద్వారా ప్రతులు పంపించి హాబ్స్, ఆర్నో, గసెండీ వంటి వారి ఆక్షేపణలు తెప్పించుకున్నాడు. వాటినీ తన జవాబులనూ కలిపి అదే సంపుటంలో వేశాడు. కొన్ని జవాబులలో చిరాకు తెలిసిపోతుంది, హాబ్స్‌కు ఇచ్చినవైతే మరీ పొడిపొడిగా ఉంటాయి. అయినా ఆక్షేపణను మాత్రం దాచలేదు.


పాత శ్రోత (బొబ్బిలి):

అమ్మా, శ్లోకం విషయంలో మీరు చెప్పింది ఒప్పుకుంటున్నాను. రెండు పాఠాలున్న సంగతి నేను గమనించలేదు. రాసి పంపమనడం నాకు నచ్చింది. రెండు గంటలను ఒక్కరే మింగేయకుండా అది కాపాడుతుంది. అయితే న్యాయదర్శనం ప్రశ్నించేవాడిని కూడా వదల్లేదని నాగావళి వారు మరిచారు. మూడుసార్లు చెప్పినా సభకూ ప్రతివాదికీ అర్థం కాకపోతే అది చెప్పినవాడి ఓటమి, దాని పేరు అవిజ్ఞాతార్థం. ఈ నియమాన్నీ మాస్టారికి వినిపించండి, రెండు వైపులా తూకం సరిపోతుంది.


అయ్యకోనేరు గట్టు (విజయనగరం):

అందరికీ నమస్కారాలు. నిన్నటి ఆదివారం జరిగింది చెబుతాను. మాస్టారిని రాసి ఇమ్మంటే ఒక అరఠావు మీద గుండ్రటి అక్షరాలతో తొమ్మిది వాక్యాలు రాసి తెచ్చారు. మా బృందంలో అందరికంటే చిన్నవాడు, ఆయన్ని మానిపించాలని అందరికంటే గట్టిగా అన్నవాడు, దాన్ని తన మాటలలో తిరిగి చెప్పడానికి లేచాడు. మొదటిసారి "అంటే దేవుడున్నాడని మీ వాదం" అన్నాడు. మాస్టారు కాదన్నారు, ఆ తొమ్మిది వాక్యాలలో దేవుని మాటే లేదు. రెండోసారి కొంత దగ్గరికి వచ్చాడు. మూడోసారికి మాస్టారు, "ఇదే బాబూ, నాకంటే బాగా చెప్పావు," అన్నారు. ఏడాదిన్నరగా మేము ఆయన దేవుని కోసం వాదిస్తున్నారనుకొని, అడగని ప్రశ్నకు జవాబులు చెబుతూ వచ్చామని అప్పుడు తెలిసింది.

తరువాత పురందరుని జవాబు వినిపించాము. ఆయన చాలాసేపు ఆలోచించి నవ్వారు. "లౌకికం దాటకూడదని అన్నాడు, బాగుంది. మరి మీ పరమాణువు లౌకికమా, అలౌకికమా? పొగ వెనక నిప్పును వెళ్లి చూడవచ్చు. పరమాణువును ఎవరు వెళ్లి చూశారు?" అన్నారు. సమయం అయిపోయింది. కుర్రవాడు బస్సు దాకా ఆయనతో మాట్లాడుతూనే వెళ్లాడు. వచ్చే సమావేశానికి పరమాణువు మీద ఏమి చదవాలో తెలిసినవారు చెప్పండి, పన్నెండు రోజులే ఉన్నాయి.


వంశధార తీరం (శ్రీకాకుళం):

మళ్లీ వియన్నాకే రావాలి. అక్కడి విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రజ్ఞుడు బోల్ట్‌జ్‌మన్ పరమాణువులు ఉన్నాయన్నాడు, ఎర్నెస్ట్ మాఖ్ అవి లెక్కలకు పనికివచ్చే కల్పనలే తప్ప ఉన్నాయనడానికి ఆధారం లేదన్నాడు. వారి వాదంతో మొదలుపెట్టి, బ్రౌనియన్ చలనం మీద 1905లో ఐన్‌స్టయిన్ రాసిన వ్యాసానికి, అక్కడి నుంచి 1908 మొదలుకొని ఫ్రాన్సులో జాఁ పెరాఁ చేసిన ప్రయోగాలకు రండి. నీటిలో తేలే సూక్ష్మకణాల కదలికను కొలిచి, కంటికి కనిపించని అణువులను లెక్కించిన పద్ధతి అది. చాలామంది సందేహవాదులు ఆ తరువాత మనసు మార్చుకున్నారు. ఒక్క విషయం ముందే చెబుతున్నాను. అనుభవానికి అందనిదాన్ని ఒప్పుకోను అన్న ఆ మాఖ్ పేరుమీదనే వియన్నా బృందంవారు 1928లో తమ సంఘాన్ని పెట్టుకున్నారు. వచ్చే సమావేశంలో మీ పక్షం పెద్దమనిషి మాఖే మాస్టారి పక్కన కూర్చుంటాడు, సిద్ధపడి వెళ్లండి.